ప్లాన్ 200కి పెంచినా మేడ మీదకి కాపీ 11 దగ్గరే ఆగుతోంది. 300కి వెళ్లాలా?

తెనాలి_స్టూడియో · శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే సర్దుకోండి.

మాకు తెనాలిలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. కింద కౌంటర్, అక్కడొక సిస్టమ్. మేడ మీద ఎడిటింగ్ గది, అందులో మా తమ్ముడు కూర్చునే పెద్ద సిస్టమ్. కెమెరా కార్డులన్నీ కింద ఖాళీ చేసుకుని, నెట్‌వర్క్‌లో పైకి పంపుతాం.

మొన్న ఒక పెళ్లి చేశాం. మూడు కెమెరాలు, ఒక డ్రోన్, రెండు రోజులు. మొత్తం 180 జీబీ. పైకి కాపీ పెడితే నాలుగున్నర గంటలు పట్టింది. కాపీ అవుతున్నప్పుడు సెకనుకు 11.3 ఎంబీ అని చూపిస్తుంది. పెరగదు, తగ్గదు, స్కేలు పెట్టి గీత గీసినట్టు ఉంటుంది.

నెట్ స్లో అనుకుని పోయిన నెల ప్లాన్ 100 నుంచి 200కి మార్పించాను. నెట్ అబ్బాయి "ఇక రాకెట్టే అన్నా" అన్నాడు. బిల్లు పెరిగింది, కాపీ మాత్రం అదే 11.3. ఇప్పుడు 300కి వెళ్లమంటున్నాడు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?

కూకట్‌పల్లి_కోడర్ · శనివారం, రాత్రి 9:58

వెళ్లొద్దు. 300 కాదు, 1000 తీసుకున్నా మీకు అదే 11.3 వస్తుంది.

కింది సిస్టమ్ నుంచి పై సిస్టమ్‌కి వెళ్లే ఫైలు మీ గుమ్మం దాటదు. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌లోనో (వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా) రౌటర్‌లోనో ఒక రంధ్రంలోంచి వచ్చి ఇంకో రంధ్రంలోకి పోతుంది, అంతే. మీరు కట్టే బిల్లు గుమ్మం బయట ఉన్న రోడ్డుకి.

బెజవాడ_బుల్లెట్ · శనివారం, రాత్రి 10:03

అన్నా ఇదంతా కంపెనీ మోసం. 200 అని డబ్బులు తీసుకుని 11 ఇస్తున్నారు. నాకూ ఇంతే, 100 ప్లాన్‌లో సినిమా డౌన్‌లోడ్ పెడితే 12 దాటదు. ఆ ▇▇▇▇ వాళ్ల మీద కన్స్యూమర్ కోర్టులో వెయ్యాలి.

[కంపెనీ పేరు తీసేశాం. సమస్య రాయండి, పేర్లు వద్దు. – నిర్వాహకుడు]

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 10:21

బుల్లెట్ నాయనా, నీకు 100 ప్లాన్‌లో 12 వస్తుంటే ఆ కంపెనీ వాళ్లకి దండం పెట్టు. నీకు రావలసినదంతా ఇస్తున్నారు.

నెట్ వాళ్లు లెక్క చెప్పేది బిట్లలో. నీ కంప్యూటర్ కాపీ లెక్క చూపించేది బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్లని 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు. రెండింటినీ పలకడం "ఎంబీ" అనే పలుకుతాం కాబట్టి సగం గొడవలు అక్కడే పుడతాయి. ఒకడు కిలోల్లో అమ్ముతుంటే ఇంకొకడు తులాల్లో తూచుకుంటున్నట్టు.

స్టూడియో వారి సంగతి వేరు. ఆ 11.3 అనే అంకె నాకు బాగా పరిచయం ఉన్నట్టుంది. రేపు తీరిగ్గా రాస్తాను. ఈలోపు ఒక మాట చెప్పండి: ఇది మొదటి నుంచీ ఇంతేనా, మధ్యలో మొదలైందా?

తెనాలి_స్టూడియో · శనివారం, రాత్రి 10:40

మాస్టారూ, మంచి మాట అడిగారు. పోయిన ఏడాది ఇంత ఇబ్బంది లేదు. కాపీ పెట్టి టీ తాగి వచ్చేసరికి సగం అయిపోయేది. దసరా తర్వాతే ఈ గోల.

ఇంకో అనుమానం. ఇలా పైకీ కిందకీ కాపీ చేస్తే నెల డేటా ఖర్చవుతుందా? మా ప్లాన్‌కి నెలకు 3300 జీబీ లిమిట్ ఉందట. అది భయపడి తమ్ముడు కొన్నిసార్లు పెన్‌డ్రైవ్‌లో మెట్లెక్కి తీసుకెళ్తున్నాడు.

గోదారి_గట్టు · ఆదివారం, ఉదయం 6:15

పెన్‌డ్రైవ్‌తో మెట్లెక్కడం చదివి నవ్వాగలేదండి. ఒక్క చుక్క డేటా కూడా అవ్వదు. మీ పెరట్లో బావి నుంచి వంటింట్లోకి నీళ్లు మోసుకుంటే మున్సిపాలిటీ మీటరు తిరుగుతుందా?

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. గోడకున్న ఫైబర్ డబ్బా ప్లగ్గు ఆపేయండి (ఆ సన్న పసుపు వైరు మాత్రం పీకొద్దు, వంచొద్దు, విరిగితే మళ్లీ అతుకు వేయించుకోవాలి). నెట్‌వర్క్ స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంచి కాపీ పెట్టండి. నెట్ లేకుండా కాపీ జరుగుతుందో లేదో మీ కళ్లతో మీరే చూడండి.

తెనాలి_స్టూడియో · ఆదివారం, ఉదయం 10:30

చేశాను. ఫైబర్ డబ్బా ఆపేశాను, ఫోన్లో వైఫై పోయింది, ఇంట్లో వాళ్లు అరిచారు. కాపీ మాత్రం అదే 11.3తో సాగుతూనే ఉంది! నెట్టే లేకుండా. రెండు నెలలుగా ఎక్కువ కట్టిన డబ్బులు గుర్తొచ్చాయి.

డబ్బా మళ్లీ ఆన్ చేసి రెండు సిస్టమ్‌లలోనూ స్పీడ్ టెస్ట్ కూడా పెట్టాను.
కింద: డౌన్‌లోడ్ 198, అప్‌లోడ్ 41.
పైన: డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 41.
ఒకటే నెట్, ఒకటే స్విచ్. పైకి వెళ్లేసరికి సగం ఎక్కడ పోతోంది?

వైర్ల_మేస్త్రి · ఆదివారం, ఉదయం 10:52

94 అన్నారు చూడండి, దొంగ దొరికాడు.

నేను పదహారేళ్లుగా ఆఫీసులకీ అపార్ట్‌మెంట్లకీ నెట్‌వర్క్ వైర్లు లాగుతున్నా. ఎవరైనా ఫోన్ చేసి 94 అన్నా, 95 అన్నా నేను నెట్ గురించి అడగను. "వైరు ఎక్కడ తెగింది" అని అడుగుతా.

మీ పై సిస్టమ్‌కీ స్విచ్‌కీ మధ్య లింకు గిగాబిట్ (అంటే 1000 మెగాబిట్లు) లేదు, 100కి పడిపోయింది. చూసుకోండి: పై సిస్టమ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్ లోకి వెళ్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000 ఉండాలి. అక్కడ 100 అని ఉండకపోతే నన్ను అడగండి.

ఆ నీలం వైరు లోపల ఎనిమిది తీగలు ఉంటాయి, రెండేసి మెలేసి నాలుగు జతలు. 100 స్పీడుకి రెండు జతలు చాలు, ఆరెంజ్, ఆకుపచ్చ. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక్క తీగ తెగినా, జాక్‌లో సరిగ్గా తగలకపోయినా గిగాబిట్ నిలబడదు. కొన్ని నెట్‌వర్క్ కార్డులైతే అసలు కనెక్టే అవ్వవు. మీది తెలివైనది, చడీచప్పుడు లేకుండా 100కి దిగి పని చేస్తోంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

దసరా తర్వాత ఆ వైరు దగ్గర ఎవరు ఏం కెలికారో గుర్తు తెచ్చుకోండి. ఎలకలైనా కావచ్చు, మనుషులైనా కావచ్చు. నా అనుభవంలో మనుషులే ఎక్కువ.

లెక్కల_మాస్టారు · ఆదివారం, ఉదయం 11:40

మేస్త్రి గారు ముందే పట్టేశారు. అయినా ఆ 11.3 ఎందుకు అంత కచ్చితంగా వస్తుందో రాస్తాను. లెక్క అందంగా ఉంటుంది, ఆసక్తి లేనివాళ్లు దాటేయండి.

ఫైలు ఏకమొత్తంగా వెళ్లదు. 1460 బైట్ల చొప్పున ముక్కలై వెళ్తుంది. ఒక్కో ముక్కకి చిరునామా, తప్పొప్పుల సరిచూపు, ముందూ వెనకా కాస్త ఖాళీ, అన్నీ కలిపి తీగ మీద 1538 బైట్ల చోటు పడుతుంది. 1460ని 1538తో భాగించండి: 0.949. అంటే 100లో మీకు దక్కేది 94.9. స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన 94 అదే.

ఇప్పుడు 94.9 మెగాబిట్లని 8తో భాగిస్తే 11.86. మరి విండోస్ 11.3 అని ఎందుకంది? అది ఒక మెగాబైట్‌ని 10 లక్షల బైట్లుగా కాక, 1024ని 1024తో హెచ్చవేసి 10,48,576గా లెక్కేస్తుంది. ఆ లెక్కన 11.3. కాబట్టి మీ స్పీడ్ టెస్ట్‌లోని 94, కాపీలోని 11.3 ఒకే జబ్బుకి రెండు లక్షణాలు.

గిగాబిట్ బాగుంటే ఇవే అంకెలు పదింతలు. 949, 113. మీ 180 జీబీ 27 నిమిషాల్లో అయిపోవాలి.

బెజవాడ_బుల్లెట్ · ఆదివారం, మధ్యాహ్నం 12:05

మాస్టారూ ఒప్పుకున్నాను. కోర్టు కేసు వాపసు.

కానీ ఒకటి. ఇంత వైర్ల గోల ఎందుకు, వైఫై పెట్టుకోవచ్చుగా? నా ల్యాప్‌టాప్‌లో వైఫై 866 అని చూపిస్తుంది. 100 కంటే ఎక్కువేగా.

కూకట్‌పల్లి_కోడర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:31

866 అనేది రౌటరూ ల్యాప్‌టాపూ పక్కపక్కన కూర్చుని చెప్పుకున్న లెక్క. గాలిలో ఒకసారి ఒకరే మాట్లాడగలరు. పంపేటప్పుడు వినలేరు, వినేటప్పుడు పంపలేరు. మాటకు ముందు ఆగి చూసుకోవడం, అందిందని చెప్పడం, వీటికే బోలెడు సమయం పోతుంది. అదే గదిలో ఉంటే ఆ 866లో సుమారు సగం, బాగుంటే ఇంకాస్త ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు స్టూడియో వాళ్లలా రెండు సిస్టమ్‌లూ వైఫైలోనే ఉన్నాయనుకో. కింది సిస్టమ్ రౌటర్‌కి చెప్పాలి, రౌటర్ అదే మాట పై సిస్టమ్‌కి మళ్లీ చెప్పాలి. అదే గాలి, అదే ఛానల్. వచ్చిన సగంలో మళ్లీ సగం. మధ్యలో ఒక స్లాబు కూడా ఉంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కాంక్రీటు దాటేసరికి బాగా నీరసపడుతుంది. 2.4 దాటుతుంది గాని, అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్లన్నీ అక్కడే ఉంటాయి.

స్విచ్‌లో ఈ బాధ లేదు. ప్రతి పోర్టుకీ పోను గిగాబిట్, రాను గిగాబిట్ వేరువేరుగా.

రాత్రి_డ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 1:10

నా ప్రశ్న ఇక్కడ అడగొచ్చా? మా ఇంట్లో పగలంతా నెట్ బాగుంటుంది, రాత్రి తొమ్మిది దాటితే వీడియో కాల్ గింగిరాలు తిరుగుతుంది. నాది అమెరికా షిఫ్టు, సరిగ్గా అప్పుడే పని. వైరు కొత్తది, లింక్ స్పీడ్ 1000 ఉంది, చూశాను. స్పీడ్ టెస్ట్‌లో కూడా ఫుల్లు వస్తుంది.

కూకట్‌పల్లి_కోడర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:44

మీది గుమ్మం బయటి కథ.

ఫైబర్ మీ ఇంటికి ఒంటరిగా రాదు. మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గర ఒక పోర్టు నుంచి బయల్దేరిన వెలుగుని స్తంభం మీది స్ప్లిటర్ డబ్బాలు 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. ఆ ఇళ్లందరికీ కలిపి కిందకి (డౌన్‌లోడ్) 2.5 గిగాబిట్లు, పైకి (అప్‌లోడ్) 1.25. 64 ఇళ్లకి సమానంగా పంచితే తలా 40 కూడా రాదు. అందరూ ఒకేసారి లాగరు అన్న ధీమాతోనే అందరికీ 200, 300 అమ్ముతారు. పగలు ఆ ధీమా నిజమే. రాత్రి తొమ్మిదింటికి వీధి వీధంతా టీవీల ముందు కూర్చుంటుంది. ఆపరేటర్ పైనుంచి కొనుక్కునే లైను సన్నగా ఉంటే ఇంకా ముందే బిగుస్తుంది.

స్పీడ్ టెస్ట్ ఫుల్లు చూపించడం మీద నమ్మకం పెట్టుకోకండి. అది మీకు దగ్గరి సర్వర్‌ని వెతుక్కుంటుంది, చాలాసార్లు మీ కంపెనీ సర్వర్‌నే, ఊళ్లోనే. మీ పనేమో అమెరికాలో. ఇంటి నుంచి బస్టాండుకి పది నిమిషాల్లో వెళ్లొచ్చాను కాబట్టి కాశీకీ రోడ్డు ఖాళీయే అన్నట్టు.

టెస్టులో సర్వర్‌ని మీరే మార్చి సింగపూర్, డల్లాస్ పెట్టి చూడండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. అంకెలు రాసుకుని ఆపరేటర్‌కి చూపించండి. "స్లోగా ఉంది" అంటే రౌటర్ ఆపి పెట్టమంటాడు, అంకెలు చూపిస్తే మాట మారుతుంది.

పాత_256 · ఆదివారం, సాయంత్రం 4:20

ఇవన్నీ చదువుతుంటే నా నెట్ సెంటర్ రోజులు గుర్తొస్తున్నాయి. గుంటూరులో నడిపాను, 2005 నుంచి.

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కిలోబిట్లు అని రాశారు. మెగా కాదు, కిలో. (2023లో దాన్ని 2 మెగాబిట్లకి మార్చారు.) నా సెంటర్‌లో పది సిస్టమ్‌లకి కలిపి ఆ 256యే. మాస్టారి లెక్కన సెకనుకు 32 కిలోబైట్లు. ఎంసెట్ ఫలితాల రోజు పది మందీ ఒకే పేజీ తెరిస్తే, పేజీ సగం వచ్చి ఆగేది, వెనక తల్లిదండ్రులు చెమటలు కక్కుతూ నిలబడేవాళ్లు.

అదే గదిలో, అదే సిస్టమ్‌ల మధ్య లోకల్ నెట్‌వర్క్ మాత్రం 100 మెగాబిట్లు. బయటి లైను కంటే దాదాపు 400 రెట్లు! సాయంత్రం కాలేజీ పిల్లలు వచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు. నెట్ ఉన్నా లేకపోయినా ఆట ఆగేది కాదు. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్లు తెగి దేశమంతా నెట్ నత్తనడక నడిచింది గుర్తుందా? నాకు ఆ వారం మెయిల్ చూసుకునేవాళ్లు లేరు, ఆట పిల్లలే అద్దె కట్టారు.

ఇప్పుడు చూడండి, తిరగబడింది. బయటి నుంచి 200 వస్తుంటే లోపలి వైరు 100 దగ్గర అడ్డం పడుతోంది. మా రోజుల్లో ఇలాంటి మాట అంటే నవ్వేవాళ్లు.

గోదారి_గట్టు · ఆదివారం, సాయంత్రం 5:05

పాత256 గారూ, మా పల్లెలో ఈ తిరగబడడం ఇంకా పూర్తి కాలేదు. ఏపీ ఫైబర్‌నెట్ వచ్చిన కొత్తలో 149 రూపాయలకి టీవీ, ఫోను, 15 మెగాబిట్ల నెట్ ఇచ్చారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం అప్పుడే చూశాం. 15 అంటే సెకనుకు రెండు మెగాబైట్లు కూడా కాదు. అయినా అంతకుముందు ఫోన్ పట్టుకుని గట్టు ఎక్కేవాళ్లం కాబట్టి అదే వైభోగం. అలాంటి ఇంట్లో 100 వైరైనా సుఖంగా సరిపోతుంది.

స్టూడియో గారూ, ఇంతకీ లింక్ స్పీడ్ ఎంత ఉంది? అందరూ మిమ్మల్ని వదిలేసి ఎక్కడికో పోయారు.

తెనాలి_స్టూడియో · ఆదివారం, రాత్రి 8:15

100.

మేస్త్రి గారూ, మీ నోట్లో చక్కెర పోయాలి. వైరు వెంట మెట్ల పక్కగా వెతుక్కుంటూ వెళ్లాను. వరండాలో, కెమెరా వెనక, తెల్ల టేపు చుట్టి ఉంది. విప్పితే లోపల వైరు చర్మం ఒలిచి, నీలం జత, గోధుమ జత కోసేసి, వాటితో సీసీ కెమెరాకి కరెంటు లాగారు!

దసరా సెలవుల్లో పక్క షాపులో దొంగతనం జరిగిందని భయపడి కెమెరా పెట్టించాను. ఆ అబ్బాయిని అడిగితే "నాలుగు తీగలు ఊరికే ఉన్నాయిగా అన్నా, మీకు వేరే వైరు ఖర్చెందుకని వాడాను" అన్నాడు. మంచికే చేశాడట. ఏమనాలో తెలియలేదు.

వైర్ల_మేస్త్రి · ఆదివారం, రాత్రి 8:33

అతన్ని పూర్తిగా తప్పు పట్టలేం. 100 స్పీడు రోజుల్లో అందరం అలాగే చేసేవాళ్లం. ఒకే వైరులో రెండు సిస్టమ్‌లు నడిపించినవాళ్లున్నారు, నేనూ నడిపించాను. ఆ నాలుగు తీగలు అప్పుడు నిజంగా ఊరికే ఉండేవి.

ఇప్పుడు ఆ వైరుని అతికే పని పెట్టుకోకండి. దాన్ని కెమెరాకే వదిలేయండి. స్విచ్ నుంచి పైకి కొత్తది లాగించండి. క్యాట్ 6 రకం వైరు కొనండి. క్యాట్ 5ఈ అయినా గిగాబిట్ 100 మీటర్ల దాకా వెళ్తుంది, కానీ గోడలో ఒకసారి దూర్చేది కాబట్టి మంచిది దూర్చండి. కొనేటప్పుడు పూర్తి రాగి అని అడిగి తీసుకోండి. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినవి సగం ధరకి అమ్ముతారు. కత్తితో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అవి నాలుగు సార్లు వంచితే విరుగుతాయి.

జాక్ కొట్టేటప్పుడు వరస: తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే. మధ్యలో నీలం జత వచ్చి ఆకుపచ్చని విడదీస్తుంది, అది తప్పు కాదు, అలాగే ఉండాలి. జత పక్కనే జత పెట్టి చూడ్డానికి అందంగా కొట్టేవాళ్లుంటారు, ఆ అందం పని చెయ్యదు. ఇంకొకటి, జాక్ దగ్గర మెలిక ఎక్కువ విప్పొద్దు.

డల్లాస్_చిన్నాన్న · సోమవారం, ఉదయం 7:50

మేం ఈ కథకి అవతలి చివర ఉన్నవాళ్లం. మా అన్నయ్య కూతురు పెళ్లి పోయిన వేసవిలో ఊళ్లో జరిగింది. మేం వెళ్లలేకపోయాం. స్టూడియో వాళ్లు వీడియోలు ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెడతామన్నారు. వారం గడిచినా "ఎక్కుతోంది సార్, ఎక్కుతోంది" అనే మాటే. ఇక్కడ మాకు గిగాబిట్ లైను ఉంది, అక్కడ వాళ్లకీ మంచి ప్లానే. మధ్యలో ఆలస్యం ఎక్కడిది?

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 9:10

చిన్నాన్న గారూ, డౌన్‌లోడ్ అంకె చూసి అందరం మోసపోతాం. స్టూడియో వారి అంకెలు పైన ఉన్నాయి చూడండి. డౌన్‌లోడ్ 198, అప్‌లోడ్ 41. పంపేవాడికి కావలసింది రెండోది. 180 జీబీని 41 మెగాబిట్లతో పంపితే, మధ్యలో ఒక్కసారీ తెగకపోతే, పదిన్నర గంటలు. వాళ్ల అప్‌లోడ్ 5 మాత్రమే అయితే మూడున్నర రోజులు. ఇంటి నెట్‌లో పోను ఒక లెక్క, రాను ఒక లెక్క. కొన్ని ఫైబర్ ప్లాన్లలో రెండూ సమానంగా ఇస్తారు, కొన్నింట్లో ఇవ్వరు. ఇంట్లోని స్విచ్‌కి ఆ తేడా తెలియదు.

కూకట్‌పల్లి_కోడర్ · సోమవారం, ఉదయం 9:36

దూరం కూడా కలపండి మాస్టారూ. హైదరాబాద్ నుంచి డల్లాస్ సూటిగా చూసినా 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు. కేబుళ్లు సూటిగా ఉండవు, ముంబయి దాకానో చెన్నై దాకానో వెళ్లి సముద్రంలో దిగి చుట్టూ తిరిగి వెళ్తాయి. చేతికొచ్చేసరికి 200 దాటి, 250 దాకా పోతుంది. ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు.

స్పీడుకీ దీనికీ ఏం సంబంధం అంటారేమో. పాత ప్రోగ్రాములు 64 కిలోబైట్లు పంపి, "అందింది" అని కబురు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవి. డల్లాస్ నుంచి కబురు సెకనుకు నాలుగుసార్లే వస్తుంది. నాలుగు అరవై నాలుగులు 256 కిలోబైట్లు. మీ లైను గిగాబిట్టే అయినా అంతే! అదే ప్రోగ్రాము ఇంట్లో, మిల్లీసెకనుకో కబురు వచ్చే చోట, సెకనుకు 64 మెగాబైట్లు పంపేస్తుంది. ఇప్పటి ప్రోగ్రాములు ఒకేసారి చాలా ఎక్కువ పంపుతాయి కాబట్టి ఈ బాధ తగ్గింది, దారిలో కాస్త ముక్కలు పోతుంటే మాత్రం మళ్లీ కనిపిస్తుంది. డౌన్‌లోడ్ మేనేజర్లు ఒకే ఫైలుకి ఎనిమిది కనెక్షన్లు తెరవడం వెనక ఉన్న కిటుకు ఇదే.

పాత_256 · సోమవారం, ఉదయం 10:02

లేదా ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే హార్డ్ డిస్క్ ఇచ్చి పంపండి. ఆవకాయ జాడీ పక్కన అదొక బరువా.

లెక్కల_మాస్టారు · సోమవారం, ఉదయం 10:15

నవ్వులాట కాదు. 4 టీబీ డిస్కు చేతిసంచిలో పెట్టుకుని ఇంటి నుంచి ఇంటికి 30 గంటల్లో చేరితే సెకనుకు దాదాపు 300 మెగాబిట్ల లెక్క. స్టూడియో వారి అప్‌లోడ్‌కి ఏడు రెట్లు. కాకపోతే మొదటి ఫోటో కనిపించడానికి కూడా 30 గంటలు ఆగాలి.

తెనాలి_స్టూడియో · గురువారం, రాత్రి 9:20

ఆలస్యానికి క్షమించండి, మధ్యలో రెండు పెళ్లిళ్లు.

కొత్త వైరు లాగించాను. 25 మీటర్లు పట్టింది, పూర్తి రాగిది, గీకి చూసే కొన్నాను. లింక్ స్పీడ్ 1000 అని కనిపించగానే తమ్ముడు చప్పట్లు కొట్టాడు. అదే 180 జీబీ పెళ్లిని మళ్లీ పైకి పంపి చూశాం. పెద్ద వీడియో ఫైళ్లు 113 దగ్గర పోయాయి, మాస్టారు చెప్పిన అంకే! ఫోటోలు వచ్చేసరికి మాత్రం 30, 40కి పడిపోతోంది. మొత్తం 41 నిమిషాలు. నాలుగున్నర గంటల నుంచి అంటే నాకు పండగే, కానీ ఫోటోల దగ్గర ఎందుకు తగ్గుతోంది?

కూకట్‌పల్లి_కోడర్ · గురువారం, రాత్రి 9:41

ఇప్పుడు అడ్డం వైరు కాదు. ఒక్కో చిన్న ఫైలుకీ తెరవడం, పేరు రాయడం, మూయడం, యాంటీవైరస్ ఒకసారి వాసన చూడడం, ఇవన్నీ ఉంటాయి. పైన పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే దాని సూది అటూ ఇటూ పరిగెత్తడానికే సమయం పోతుంది. ఫోటోలన్నీ ఒక జిప్‌గా చేసి పంపండి, కుదింపు లేకుండా. లేదా విండోస్‌లోనే ఉన్న రోబోకాపీతో ఒకేసారి ఎనిమిది ఫైళ్లు వెళ్లేట్టు పెట్టండి. పై సిస్టమ్‌లో ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) వేస్తే ఇంకా మంచిది. 300 ప్లాన్‌కి కట్టబోయిన డబ్బులు ఉన్నాయిగా.

బెజవాడ_బుల్లెట్ · గురువారం, రాత్రి 9:55

అన్నా ఇంతకీ 200 ఉంచుతున్నావా, తీసేస్తున్నావా?

తెనాలి_స్టూడియో · గురువారం, రాత్రి 10:10

100కి దించేద్దామనే ఫోన్ చేశాను. అప్‌లోడ్ 100 ఇచ్చే ప్లాన్ ఉందా అని అడిగితే, ఉందన్నాడు. ఇన్నాళ్లూ అడగలేదుగా అన్నా, అందుకే చెప్పలేదు అన్నాడు. దానికి మారుతున్నాను, డ్రైవ్‌లో పెట్టే పని ఎప్పుడూ ఉంటుంది కాబట్టి.

ఇంకో సంగతి. కెమెరా అబ్బాయి ఇవాళ పాత వైరు సర్దడానికి వచ్చాడు. పైకి వెళ్లిన కొత్త వైరు చూసి, "అన్నా, క్యాట్ 6 వేయించావా! ఇందులోనూ నాలుగు ఖాళీయేగా, మెట్ల మీద ఇంకో కెమెరా పెడదామా?" అన్నాడు.

వైర్ల_మేస్త్రి · గురువారం, రాత్రి 10:12

తలుపు తాళం వేసుకోండి సార్.